కొంగుచాటు పుస్తకాలు

చదవాల్సిన పుస్తకాల చీటీ ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. పాల లెక్కా, ఇస్త్రీ పద్దూ రాసుకునే నోటుబుక్కు చివరి పేజీల్లో దాని చోటు. చదివేసి కొట్టేసిన పేర్లు తక్కువ, కింద కొత్తగా చేరేవి ఎక్కువ. మీ ఇంట్లోనూ అలాంటిదొకటి ఉండే ఉంటుంది. కాగితం మీద కాకపోతే మనసులోనైనా!

ఈ రెండు నెలల్లో ఆ చీటీలో ఆరు పేర్లు చేరాయి. ఆరూ ఆడవాళ్ళు రాసినవే. ఏరికోరి అలా రాసుకోలేదు. ఒకదాని గురించి చదువుతుంటే ఇంకొకటి తగిలింది. పేరంటానికి వెళ్ళిన ఇంట్లో ఇంకో ఇంటి పరిచయం దొరికినట్టు, ఒకటి వెంట ఒకటి వచ్చి కూర్చున్నాయి.

పుస్తకం తెరిచేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోవడం నాకొక సరదా. ఎవరు రాశారు, ఎవరు అచ్చు వేశారు, ఆ ప్రతి ఎక్కడ దొరికింది - సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరూ గోత్రమూ అడిగినట్టే అనుకోండి. ఈ ఆరింటికీ ఆ పని పూర్తిచేశాక నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇందులో చాలా భాగం అసలు మన దాకా రావలసినవి కావు. వెంట్రుకవాసిలో తప్పిపోవలసినవి. రాసినావిడ పడ్డ కష్టం ఒక ఎత్తయితే, రాశాక దాన్ని బతికించిన వాళ్ళ కష్టం ఇంకో ఎత్తు.

మొదటిది గుల్‌బదన్ బేగం రాసిన 'హుమాయూన్‌నామా'. బి.ఏ.లో నేను చదివింది చరిత్రే. పానిపట్టు యుద్ధాల తేదీలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బాబరుకి ఒక కూతురు ఉందనీ, ఆవిడ మొగలాయీల చరిత్ర రాసిందనీ మాత్రం ఆ మూడేళ్ళలో ఎవరూ చెప్పలేదు. 1523లో పుట్టిన గుల్‌బదన్ హుమాయూన్‌కి చెల్లెలు, అక్బరుకి మేనత్త. అక్బరు తన కాలపు చరిత్ర రాయించే రోజుల్లో, తండ్రిగురించీ తాతగురించీ తెలిసిన సంగతులు రాయమని మేనత్తను కోరాడు. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి. అంతకుముందే అంతఃపుర స్త్రీలతో కలిసి మక్కాకి వెళ్ళి, 1575లో బయల్దేరిన మనిషి 1582లో గానీ ఇల్లు చేరలేదు. ఆ దారిలో ఏడెన్ దగ్గర ఓడ దెబ్బతిని నెలల తరబడి అక్కడే చిక్కుబడిపోయారు కూడా. అన్నీ చూసి వచ్చిన పెద్దావిడ అన్నమాట.

దర్బారు చరిత్రకారులు కోటల లెక్కా, ఏనుగుల లెక్కా రాస్తే, ఈవిడ ఇంటి సంగతులు రాసింది. విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఏ బిడ్డ పోతే ఏ తల్లి ఎలా అయిపోయింది, రాజ్యం పోయి ఎడారిలో తిరుగుతున్నప్పుడు ఆడవాళ్ళ గతి ఏమయింది - ఇవీ. హుమాయూన్ అడిగితే హమీదా బాను నలభై రోజుల దాకా పెళ్ళికి ఒప్పుకోలేదన్న ముచ్చట ఈవిడ చెబితేనే మనకి తెలిసింది. ఆ హమీదాయే తరవాత అక్బరుని కన్న తల్లి.

ఇంత పుస్తకానికీ దొరికిన రాతప్రతి ఒకటే ఒకటి! దాని చివర పేజీలు లేవు. కమ్రాన్ కళ్ళు పొడిపించే ఘట్టం దగ్గర వాక్యం మధ్యలో ఆగిపోతుంది. కల్నల్ హామిల్టన్ అనే దొర మన దేశంలో పోగుచేసుకున్న రాతప్రతుల్లో అది ఉంది. ఆయన పోయాక, 1868లో, ఆయన భార్య దగ్గర కొన్న వాటితోపాటు లండను చేరింది. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది ఆనెట్ బెవరిడ్జ్. కలకత్తాలో ఆడపిల్లల బడి పెట్టడానికి 1872లో వచ్చిన మనిషి. 1902లో ఆ అనువాదం వచ్చేనాటికి ఆవిడకి అరవై దగ్గరపడ్డాయి. అరవై దాటినావిడ రాస్తే, అరవైకి దగ్గరైన ఆవిడ అనువాదం చేసింది. మోకాళ్ళ నొప్పులంటూ మనం ఇప్పట్నించే చతికిలపడుతున్నాం చూడండి!

రెండోది ఇంకా పాతది. పద్నాలుగో శతాబ్దంలో గంగాదేవి సంస్కృతంలో రాసిన 'మధురావిజయం'. విజయనగరం బుక్కరాయల కొడుకు కుమార కంపరాయలికి ఈవిడ భార్య. భర్త మధుర మీదికి దండెత్తి గెలిచిన కథని కావ్యంగా కట్టింది. పూర్వకవులను తలుచుకుంటూ మన తిక్కన గారికి కూడా నమస్కారం పెట్టింది. అందుకే ఆవిడ తెలుగు ఆడపడుచేనని మనవాళ్ళు కొందరు అంటారు. నాకూ అనుకోవాలనే ఉంది. ఈ కావ్యం సుమారు అయిదున్నర శతాబ్దాలు ఎవరి కంటా పడలేదు. 1916లో తిరువనంతపురంలో ఒక ఇంటి గ్రంథాలయంలో దొరికింది - అదీ సంబంధం లేని వేరే రెండు గ్రంథాల మధ్య కలిపి కట్టేసిన తాటాకులుగా. మధ్యమధ్య ఆకులు పోయాయి. ఆ కట్టకి చెద పట్టి ఉంటేనో, వేరే గ్రంథం పేరు చూసి పక్కన పడేసి ఉంటేనో, ఆ తల్లి పేరు కూడా మనకి మిగిలేది కాదు.

వీళ్ళిద్దరూ రాణివాసం వాళ్ళు. పంతుళ్ళూ, లేఖకులూ, కాగితాలూ చుట్టూ ఉన్నవాళ్ళు. మనబోటి సంసారి రాయాలంటే? నా చీటీలో మూడో పేరు అదే - రాస్‌సుందరీ దేవి రాసిన 'ఆమార్ జీబన్'. అంటే 'నా జీవితం'. 1876లో అచ్చయింది. బెంగాలీలో ఒక స్త్రీ రాసుకున్న మొదటి ఆత్మకథ అది.

రాస్‌సుందరి ఏ దివానుగారి కూతురో, సంస్కర్త భార్యో కాదు. తూర్పు బెంగాలు పల్లెటూళ్ళో ఉన్నవాళ్ళ ఇంటి కోడలు. పన్నెండేళ్ళకి పెళ్ళి. పన్నెండుమంది పిల్లలు. అత్తగారు మంచం పట్టాక ఇంటెడు చాకిరీ ఆవిడ నెత్తినే పడింది. ఆ ఇంట్లో ఘోషా ఎలాంటిదో ఒక్క సంగతి చెబుతాను. భర్తగారికి జయహరి అని ఒక గుర్రం ఉండేది. ఒకరోజు అది వాకిట్లోకి వచ్చి ఆరబోసిన ధాన్యం తింటోంది. ఈవిడ బయటికి వెళ్ళి అదిలించలేదు. ఎందుకని? అది భర్తగారి గుర్రం కదా, దాని ముందుకి ఎలా వెళ్ళడం అని! నవ్వు వస్తుంది. చదివి నేనూ నవ్వాను. తరవాత మా పెద్దవాళ్ళు మామగారి చెప్పులు వాకిట్లో కనబడితే దొడ్డిదారిన వెళ్ళేవారని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

అలాంటి ఇంట్లో ఆవిడకి ఒక కోరిక పుట్టింది. చైతన్య భాగవతం తను స్వయంగా చదువుకోవాలి! ఆడది చదివితే వైధవ్యం వస్తుందని నమ్మే రోజులవి. చిన్నప్పుడు పుట్టింట్లో నడిచిన బడిలో ఓ మూల కూర్చోబెడితే, మగపిల్లలు అక్షరాలు దిద్దుతుంటే చూసింది. అంతే ఆవిడ చదువు. పాతికేళ్ళు దాటిన వయసులో ఒకరోజు భర్త ఆ గ్రంథాన్ని బయట పెట్టించాడు. అప్పుడవి చెక్క అట్టల మధ్య పెట్టిన రాతప్రతులు. ఆ అట్ట మీద బొమ్మ గుర్తుపెట్టుకుని, ఎవరూ లేనప్పుడు అందులోంచి ఒక్క ఆకు తీసేసింది. పెద్ద కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఇంకోటి తీసింది. రెండూ వంటింట్లో దాచింది. కుడిచెయ్యి గరిటె తిప్పుతుంటే, ఎడం చేతిలో ఆ ఆకు, నెత్తి మీద ముసుగు. ఈ అక్షరాన్ని ఆ అక్షరంతో పోల్చి చూసుకుంటూ, చిన్నప్పుడు విన్న ధ్వనులు జ్ఞాపకం చేసుకుంటూ, ఏళ్ళ తరబడి కష్టపడి చదవడం నేర్చుకుంది.

రాయడం మాత్రం చాలాకాలం తరవాత వచ్చింది. చదువుకోసం దూరాన ఉన్న కొడుకు, ఉత్తరాలకి జవాబు రాయవేమమ్మా అని అడిగితే, అతను తెచ్చి ఇచ్చిన కలం కాగితాలతో మొదలుపెట్టింది. భర్త పోయాక పుస్తకం అచ్చుకి వచ్చింది. ఎనభయ్యో పడిలో కూడా దాన్ని పెంచి మళ్ళీ వేయించింది. నాకు ఆవిడమీద గౌరవం కన్నా అసూయ ఎక్కువ కలుగుతోంది. గ్యాసు పొయ్యీ, మిక్సీ, కుర్చీ బల్లా అన్నీ ఉండి రోజుకి నాలుగు పేజీలు రాయడానికి నేను చెప్పే సాకులు అన్నీ ఇన్నీ కావు.

నాలుగో పుస్తకం చిన్నదే. మరాఠీలో తారాబాయి షిండే రాసిన 'స్త్రీ పురుష తులన'. 1882లో పుణెలో అచ్చయింది. అయిదు వందల ప్రతులు వేశారు. సూరత్‌లో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువు పుట్టిన బిడ్డని చంపిందన్న నేరానికి 1881లో కోర్టు ఉరిశిక్ష వేసింది. ఆ శిక్షని తరవాత తగ్గించారు. ఈ సందు చూసుకుని పత్రికలవాళ్ళు ఆడజాతి నీతిని దుమ్మెత్తిపోశారు. ఆ వితంతువుకి బిడ్డనిచ్చిన మగవాడి మాట ఒక్కరూ ఎత్తరేం? తారాబాయికి పట్టలేని కోపం వచ్చింది. ఆ కోపమే పుస్తకం. పుణెలో జ్యోతిరావు ఫూలే ఆవిడ పక్షాన నిలబడ్డారు. మిగతా లోకం విరుచుకుపడింది. ఆవిడ మళ్ళీ ఇంకో పుస్తకం వెయ్యలేదు. ఎస్.జి. మాల్షే అనే పండితుడు 1975లో తిరిగి అచ్చు వేసేదాకా, తొంభై ఏళ్ళపైన ఈ పుస్తకం సంగతి లోకం మరిచిపోయింది.

ఇంతవరకూ పొరుగువాళ్ళ కథలు. ఇక మన ఇంటికి వద్దాం. చివరి రెండూ తెలుగు పుస్తకాలే. వాటిని చీటీలో పక్కపక్కనే రాశాను గానీ, ఒకదాన్ని చూస్తే ఇంకోటి మొహం తిప్పుకునే రకాలు. రెంటికీ మధ్య మనందరం దండం పెట్టే ఒక పెద్దమనిషి ఉన్నారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

ముద్దుపళని తంజావూరు ప్రతాపసింహ మహారాజు ఆస్థానంలో ఉండేది. ఆయన 1739 నుంచి 1763 దాకా ఏలాడు. ఆవిడ దేవదాసి, సంగీత సాహిత్యాలు నేర్చిన విదుషి. రాసిన కావ్యం 'రాధికా సాంత్వనం', 584 పద్యాలు. ఇందులో రాధ మనకి తెలిసిన పడుచు గోపిక కాదు. ఇళ అనే పిల్లని చిన్నప్పట్నించీ పెంచి, పెద్దచేసి, కృష్ణుడికి తానే ఇచ్చి పెళ్ళి చేస్తుంది. ఇద్దరికీ బుద్ధులు చెప్పి గదిలోకి పంపిస్తుంది. తీరా పంపాక తట్టుకోలేకపోతుంది. కృష్ణుడు వచ్చి బతిమాలుకోవాలి. వయసు మళ్ళుతున్న ఆడదాని మనసులో పెంచిన ప్రేమా, పంచుకోలేని ప్రేమా రెండూ కొట్లాడుకుంటే ఎలా ఉంటుందో రాయాలని ఆ రోజుల్లో ఆవిడకి తట్టింది. నవలలు రాసుకునే నాకు ఈ కథ చెప్పుకోగానే చెయ్యి దురద పుట్టింది. నిజం.

అందులో శృంగారం ఉంది. దాపరికం లేకుండానే ఉంది. పంతులుగారు తమ 'ఆంధ్ర కవుల చరిత్ర'లో దీన్ని తీవ్రంగా నిరసించారు. ఇవి స్త్రీలు వినదగిన మాటలు కావు, స్త్రీ నోట రాదగినవి అంతకన్నా కావు అన్నది ఆయన అభిప్రాయం. అంతకుముందే, బ్రౌన్ దొరతో పనిచేసిన పైడిపాటి వేంకటనరసు అనే పండితుడు 1887లో కావ్యాన్ని అచ్చు వేశాడు గానీ, కత్తెర పట్టుకుని వేశాడు. ఆవిడ తన అమ్మమ్మల, మేనత్తల వరుస చెప్పుకున్న అవతారికే ఎగిరిపోయింది. చూశారా, ముందు పోయింది ఆడవాళ్ళ వంశవృక్షం!

అప్పుడు వచ్చింది బెంగుళూరు నాగరత్నమ్మ. పాటలో ఆవిడకి దక్షిణాదిన ఎదురులేదు. ఆవిడా దేవదాసీ కుటుంబంలో పుట్టిన మనిషే. తంజావూరు నాటి సాహిత్యం గురించి చదువుతుంటే ముద్దుపళని పేరు కనిపించింది. పట్టుబట్టి ఆ అచ్చుప్రతి సంపాదించింది. అందులో లోట్లు కనిపెట్టి రాతప్రతి కోసం వెతికించి తెప్పించింది. రెండూ సరిచూసి, తీసేసిన పద్యాలన్నీ చేర్చి, సొంతంగా పీఠిక రాసి, 1910లో వావిళ్ళవారి చేత అచ్చు వేయించింది.

పీఠికలో పంతులుగారికి జవాబు చెప్పింది. మర్యాద తప్పకుండానే, గట్టిగా చెప్పింది. సిగ్గూ మర్యాదా ఆడవాళ్ళకేనా, మగకవులకి అక్కర్లేదా అని అడిగింది. పంతులుగారే ఆమోదించిన 'వైజయంతీ విలాసం'లో శృంగారం మాటేమిటి అని నిలదీసింది. దానికి సరైన జవాబు ఇచ్చినవాళ్ళు నాకైతే ఇంతవరకూ కనిపించలేదు.

జవాబు సర్కారు చెప్పింది. 1911లో అశ్లీలమని ముద్ర వేసి, ప్రతులు పట్టుకుపోయారు. నిషేధం పెట్టారు. అది ముప్పై అయిదేళ్ళకి పైగా నడిచింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన రోజుల్లో, 1947లో, తొలగింది. వావిళ్ళవారు మళ్ళీ అచ్చు వేసింది 1952లో. నాగరత్నమ్మ కన్నుమూసిందీ ఆ ఏడాదే. మధ్య కాలంలో ఆవిడ ఊరికే కూర్చోలేదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి తన సంపాదనతో గుడి కట్టించింది. ఆరాధనలో ఆడవాళ్ళని పాడనివ్వమంటే, ఆడవాళ్ళని కూడగట్టుకుని విడిగా పాడించింది. చివరికి తానూ ఆ సమాధి దగ్గరే, స్వామికి ఎదురుగా, మట్టిలో కలిసింది.

ఇప్పుడు మీరు, పంతులుగారు అలాంటివారా అంటారు. అలాంటివారు కాదు కనుకనే ఈ కథ నన్ను ఇంత కాలం పట్టి కుదుపుతోంది. వితంతువుల కోసం ఊరంతటితో వెలిపడ్డ మనిషి ఆయన. ఆడపిల్లలకి బడి పెట్టిన మనిషి. నా చీటీలో ఆరో పుస్తకం బతికి బట్టకట్టిందీ ఆయన చేతుల మీదుగానే. బండారు అచ్చమాంబ రాసిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల' 1901లో వచ్చింది ఆయన చింతామణి ముద్రాక్షరశాల నుంచే.

అచ్చమాంబ 1874లో పెనుగంచిప్రోలులో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్ళి. భర్త ఉద్యోగం మధ్య పరగణాల్లో. తండ్రి పోవడంతో తల్లీ, తమ్ముడూ వచ్చి ఆవిడ దగ్గరే ఉన్నారు. ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావుగారు! తమ్ముడు బడికి వెళ్ళి వచ్చి అక్కకి చదువు చెప్పాడు. తెలుగుతోపాటు హిందీ, మరాఠీ, బెంగాలీ కూడా నేర్చింది. కన్న పిల్లలు ఇద్దరూ పోయారు. అనాథ పిల్లల్ని చేరదీసింది. ఆ దుఃఖంలో ఊళ్ళు తిరిగి, పుస్తకాలు వెతికి, మన దేశపు గొప్ప స్త్రీల చరిత్రలు పోగుచేసింది. ఆడవాళ్ళు పుట్టుకతోనే తెలివితక్కువ వాళ్ళన్నా, చదివిస్తే చెడిపోతారన్నా అది అబద్ధమని పేర్లతో, తేదీలతో చూపించడం ఆవిడ పని. 1902లో 'హిందూ సుందరి'లో ఆవిడ రాసిన 'ధన త్రయోదశి', గురజాడ వారి 'దిద్దుబాటు' కన్నా ఎనిమిదేళ్ళు ముందు వచ్చిన కథ. మన కాలేజీల్లో తెలుగు కథ పుట్టుక ఎక్కడని అడిగితే ఏం రాయించేవారో మీకూ జ్ఞాపకం ఉండే ఉంటుంది.

ఒకే పెద్దమనిషి, ఒక ఆడదాని పుస్తకాన్ని తన ప్రెస్సులో అచ్చు వేశారు. ఇంకో ఆడదాని పుస్తకానికి తలుపు మూశారు. ఇల్లాలు రాసిన సచ్చరిత్రకి చాప వేశారు, దేవదాసి రాసిన శృంగారానికి వెయ్యలేదు. ఆడవాళ్ళు చదవాలి, రాయాలి, అయితే మేము గీసిన గీతలోపల అన్నమాట. ఆయన్ని తక్కువ చెయ్యడానికి చెప్పడంలేదు. ఆయన లేకపోతే నాలాంటిది ఇవాళ ఈ పేజీలో మాట్లాడేది కాదేమో. కానీ నాగరత్నమ్మ అడిగిన ప్రశ్న కూడా అడగవలసిందే. ఈ ఇద్దరు ఆడవాళ్ళనీ ఒకే చీటీలో రాసుకోగలగడం మనకి దక్కిన భాగ్యం. వాళ్ళ కాలంలో వీళ్ళని ఒకే అరుగు మీద కూర్చోనిచ్చేవారు కాదు.

అచ్చమాంబ మూడు భాగాలు రాయాలనుకుంది. మొదటిదాంట్లో మన దేశచరిత్రలోని స్త్రీలు. రెండో దాంట్లో వేదాలలో, పురాణాలలో కనిపించేవాళ్ళు. మూడో దాంట్లో విదేశాల స్త్రీలు. మొదటిది పూర్తయింది. రెండోది మొదలుపెట్టింది. ఇంతలో ఊళ్ళో ప్లేగు వచ్చింది. రోగులకి సేవ చేస్తూ తనకీ తగిలించుకుని, 1905 జనవరిలో పోయింది. ముప్పై ఏళ్ళు. మూడో భాగం లేదు.

ఏది ముందు చదవాలో నాలుగు రోజులుగా తేల్చుకోలేకపోయాను. మా అమ్మాయి గుల్‌బదన్ ముందంటుంది, యాత్రల పుస్తకాలంటే దానికి ఇష్టం. నా ఓటు అచ్చమాంబకే. ఒక్కొక్కరిదీ ఒక్కో చరిత్ర కాబట్టి, రాత్రి వంటిల్లు సర్దుకున్నాక రోజుకి ఒక ఆవిడ చొప్పున చదవచ్చు. సోమవారం నుంచి మొదలు. 'రాధికా సాంత్వనం' దాని పక్కనే, అదే బల్ల మీద పెట్టాను.